పుల్లావు పలుపుకి నాలుగో ముడి

వానలు వెనక్కి తగ్గి, వాగు నీళ్లు తేటపడ్డాయంటే ఎర్రగుట్ట కింద జంతువులకి కాలు ఒకచోట నిలవదు. ఆవాలు చల్లే అదను అది. నేల తడి ఆరకముందే గింజ పడాలి, చలి ముదిరేలోపు మొక్క నిలదొక్కుకోవాలి. ఒక్కరోజు అటూ ఇటూ అయితే ఏడాదంతా అటూ ఇటూ అయిపోతుంది.

అక్కడ చేనొకటే, కాపురాలు మాత్రం చాలా. కొట్టం, కోళ్లగూడు, గానుగ, పోయినేడు ఆవాలు నూర్చిన కళ్లం, ఇవన్నీ ముళ్లకంప లోపల. చేను కంప బయట, వాగు వైపు. పండిన ఆవాలని మైల ఎద్దు గానుగ తిప్పి ఆడిస్తే నూనె వాగు అవతలివాళ్లు పట్టుకెళ్లి బదులుగా జొన్నచొప్ప ఇచ్చేవాళ్లు. నూనె పిండగా మిగిలిన చెక్క మాత్రం ఎవరికీ ఇచ్చేవాళ్లు కాదు. ఎండాకాలం గడ్డిపరక దొరకనప్పుడు ఆ ఆవచెక్కే అందరి ప్రాణం.

ఈ ఏడు ఆ చెక్క మీద అందరికన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్నది పుల్లావు. దాని మనవరాలు, చెంద్రి అనే పెయ్య, తొలిచూలు మోస్తోంది. చైత్రంలో ఈనాలి. మండుటెండల్లో ఈనిన పెయ్యకి చెక్క లేకపోతే పాలు దిగవు, పాలు లేకపోతే దూడ దక్కదు. పుల్లావు తన తొలి దూడని అలాగే పోగొట్టుకుంది. చాలా సంగతులు మరిచిపోయింది గానీ అది మాత్రం మరిచిపోలేదు.

మరిచిపోవడమే ఇప్పుడు పుల్లావుకి పట్టుకున్న దిగులు. దాని మెడలో పాత పలుపొకటి ఉండేది. ఏటా సేద్యంలో ఏదైనా గట్టి దెబ్బ తగిలితే, ఆ పాఠం పోకుండా పలుపుకి ఒక ముడి వేయించుకునేది. ముడి వేసేది గూళ్లు అల్లే పిట్ట, గిజిగాడు. కూలి, తోకవెంట్రుకలు నాలుగు. ఇప్పటికి ఆరు ముళ్లయ్యాయి. పొద్దున లేవగానే పుల్లావు మెడ వంచి ఒక్కొక్క ముడినీ నాలుకతో తడిమి అప్పజెప్పుకునేది.

"ఒకటి. గింజ కోడిగోరు దిగేంత లోతు మించకూడదు. రెండు. ఆవాలు ఇసుకతో కలిపి చల్లాలి, లేకపోతే గుప్పెడూ ఒకేచోట పడతాయి. మూడు. మంచు పట్టినప్పుడు పూతకి పేను చూసుకోవాలి. నాలుగు... నాలుగు, కళ్లంలో మొలిచినవి ముట్టుకోకూడదు." అక్కడ ఆగిపోయేది. ఎందుకు ముట్టుకోకూడదు? ఎన్నాళ్లు ముట్టుకోకూడదు? ఎంత నెమరేసినా గొంతుదాకా వచ్చి కిందికి జారిపోయేది. "సరే, అయిదు. కాయ పూర్తిగా ఎండకముందే కోసెయ్యాలి. ఆరు. విత్తనం బుట్టలో వేపాకు." మళ్లీ నాలుక నాలుగో ముడి దగ్గరికే పోయేది, ఊడబోయే పన్ను దగ్గరికి పోయినట్టు.

ఆ ఏడు విత్తనం ఒక్క బుట్టెడే మిగిలింది. ఆ బుట్టెడూ చల్లేశారు. అయిదో రోజుకి చేనంతా రెండేసి ఆకుల మొలకలు, ఆకుపచ్చ దుమ్ము రాలినట్టు లేచాయి. అందరూ సంబరపడ్డారు. పుల్లావుకి మాత్రం గడ్డి నోట్లోకి పోలేదు.

ఆ పొద్దునే డేగ పుంజు కొట్టంలోకి వచ్చింది. చేను పెత్తనం దానిది. తను కూస్తేనే తెల్లారుతుందని దాని నమ్మకం. తెల్లారితేనే పని మొదలవుతుంది కాబట్టి పెత్తనం కూడా తనదేనని వాదన. ఎవరూ కాదనలేదు, కాదంటే మళ్లీ కూస్తుందని.

"పెద్దమ్మా, కళ్లం చూశావా?" అంది పుంజు. "పోయినేడు రాలిన గింజలన్నీ మొలిచి జానెడెత్తు లేచాయి. ఒక్క ఆకు సాపుగా లేదు, అన్నీ జల్లెళ్లే. వాటినిండా ఆ నల్ల పురుగులు. ఆవగింజంత ఉన్నాయి, ముక్కు పెడితే మూరెడు గెంతుతున్నాయి. పురుగుల పుట్టిల్లు అది. ఇవాళే దున్నించేస్తాను."

పుల్లావు గబుక్కున లేచింది. "వద్దు నాయనా. ముట్టుకోవద్దు."

"ఎందుకని?"

"నాలుగో ముడి."

"నాలుగో ముడి ఏమంటుంది?"

"వద్దంటుంది."

"అదే, ఎందుకు వద్దంటుంది?"

పుల్లావు నోరు తెరిచింది. కొట్టంలో అందరూ చూస్తున్నారు. చెంద్రి నెమరు ఆపింది. గొంతుదాకా వచ్చింది... జారిపోయింది.

"గుర్తులేదు," అంది పుల్లావు.

పెట్టలు పక్కున నవ్వాయి. "పొట్టుంది, గింజ లేదు!" అంది పుంజు.

కంప అవతల నుంచి ఇంకో నవ్వు వినిపించింది. ఎర్రగుట్ట నక్క. ముళ్ల సందులోంచి మూతి మాత్రం కనబడుతోంది. "నవ్వకూడదు చెల్లెమ్మల్లారా, పెద్దావిడ. కానీ దొరా, మనలో మాట. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నారు. ఆ పలుపు బరువుకే ఆవిడ బుర్ర కిందికి వంగిపోయింది. పురుగు పుట్టిల్లు పీకెయ్యాలన్నావే, ఆ మాట నా చెవికి ఎంత ఇంపుగా ఉందో! కళ్లం శుభ్రంగా ఉంటే వాగు అవతలివాళ్లు కూడా 'పెత్తనమంటే డేగ పుంజుదిరా' అనుకుంటారు."

పుంజు మెడ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. "విన్నావా పెద్దమ్మా?"

"మన చేను బాగు నక్కకెందుకు నాయనా?" అంది పుల్లావు.

"మంచిమాట ఎవరు చెబితేనేం? మైల ఎద్దూ, నాగలి కట్టు."

మైల ఎద్దు ఎవరితోనూ వాదన పెట్టుకునే రకం కాదు. గానుగ చుట్టూ పన్నెండేళ్లు తిరిగిన ఎద్దు. ఎటు తిరిగినా చివరికి అక్కడికే వస్తామని దానికి తెలుసు. పుల్లావు వైపు ఒకసారి చూసి నాగలి కట్టుకుపోయింది. మధ్యాహ్నానికి కళ్లం దున్నడం అయిపోయిందన్నారు. పుల్లావు అటు చూడలేదు. ముడిని తడుముతూనే ఉంది.

మర్నాడు చెంద్రి చేనివైపు నుంచి పరిగెత్తుకొచ్చింది. చూలు పొట్ట అటూ ఇటూ ఊగుతోంది.

"మెల్లగా రావే, పొట్టతో ఉన్నావు!" అంది పుల్లావు.

"అమ్మమ్మా, చేను! చేనునిండా చిల్లులు!"

అందరూ చేనికి పరిగెత్తారు. మొలక మొలకకీ ఉన్నవి రెండే ఆకులు, ఆ రెండింటికీ సూదితో పొడిచినట్టు చిల్లులు. కళ్లం వైపున్న నాలుగు సాళ్లలో ఆకులే లేవు, ఈనెలు మిగిలాయి. డెక్క ఆనిస్తే చాలు, నల్ల పురుగులు చిటపటమని గెంతుతున్నాయి, పెనం మీద ఆవాలు చిట్లినట్టు.

చుక్కల పెట్ట ముక్కుతో నాలుగింటిని ఏరింది. నలభై ఎగిరిపోయాయి. "వందమంది కోళ్లున్నా చాలవమ్మా. మనం పదకొండుమందిమి," అని నిట్టూర్చింది.

"ఇంకో నాలుగు రోజులు ఇలాగే తింటే?" చెంద్రి అడిగింది.

 మళ్లీ చల్లడానికి బుట్టలో గింజ లేదు.

పుంజు రెక్కలు టపటప కొట్టుకుంది. "ఇదంతా పెద్దమ్మ నోటి చలవ! శుభమా అని దున్నిస్తుంటే 'వద్దు వద్దు' అని అపశకునం పలికింది."

"ఎద్దు ఈనిందంటే గాటన కట్టమన్నాడట నీలాంటివాడే," అంది చుక్కల పెట్ట. మొగుడి మాట కాదనడం దానికి అలవాటే, పదిమందిలో అనడం మాత్రం మొదటిసారి.

నక్క అప్పుడే గుట్ట దిగి వచ్చింది. దూరంగా, మర్యాదగా, గట్టుకి అవతలే నిలబడింది. మొహంలో ఎంత దుఃఖం ఉందంటే, చేను దానిదేనేమో అనిపించింది.

"అయ్యో అయ్యో! కళ్లతో చూడలేకపోతున్నాను దొరా. దీనికి మందు ఒక్కటే. పురుగు పొద్దెక్కాకే గెంతుతుంది. తెల్లవారుజామున మంచుకి కాళ్లు కొంకర్లు పోయి ఆకు కిందే పడుంటుంది. ఆ వేళకి పెట్టలందర్నీ చేలోకి దింపావనుకో, గింజలేరుకున్నట్టు ఏరుకోవచ్చు."

"కంప దాటి బయటికా? మసక వెలుతుర్లోనా?" చుక్కల పెట్ట వెనక్కి జరిగింది.

"నా గురించే కదా భయం చెల్లెమ్మా? ఒట్టు. రేపు తెల్లారేసరికి నేను గుట్ట నెత్తిన ఉంటాను. అక్కణ్నుంచి కూత పెడతాను, వినిపిస్తుంది. నా తోక మీద ఆన."

పుంజు ఆలోచించింది. అది పిరికిది కాదు, తెలివితక్కువది కాదు. తప్పు ఒప్పుకోవడం చేతకానిది, అంతే. "నేనే ముందు నడుస్తాను. తప్పు నావల్ల జరిగిందంటున్నారుగా, దిద్దేదీ నేనే. రేపు తెల్లవారుజామున పెట్టలన్నీ పురుగుల మీదికి పోతాయి. ఇది నా మాట."

"మగాడి మాట!" అంది నక్క, మూతి నాక్కుంటూ.

అందరూ వెళ్లిపోయాక పుల్లావు ఒక్కతే చేలో మిగిలింది. కాలు నిలవలేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి, ఆ గట్టు నుంచి ఈ గట్టుకి నడిచింది. ఒక మొలక దగ్గర ఆగి వంగి చూసింది. ఆకు అంచున ఒక పురుగు, మిగతావాటికన్నా కాస్త లావుది, నల్లగా మెరుస్తూ తీరిగ్గా నములుతోంది.

"ఏం నాయనా, మా చేనే దొరికిందా?" అంది పుల్లావు.

"మేమొచ్చామా ముసలమ్మా?" అంది పురుగుల పెద్ద, నమలడం ఆపకుండా. "మా పాటికి మేం కళ్లంలో కడుపునిండా తింటూ కూర్చున్నాం. మాకిక్కడేం పని? మీరే నాగలి తెచ్చి తోలారు. తోలితే ఎటు పోతాం, పక్కింటికే కదా! ఇక్కడికొచ్చాక తెలిసింది, లేత ఆకు రుచే వేరని." అని ఒక్క గెంతు గెంతి పోయింది.

కొరికిన ఆకు ఘాటు పుల్లావు ముక్కుకి తగిలింది. కళ్లవెంట నీళ్లొచ్చాయి. ఆ ఘాటులోనే, ఎక్కడిదో పాత పొద్దు లేచింది. తను పెయ్యగా ఉన్న రోజులు. ఇలాగే చిల్లులు పడ్డ చేను. పక్కన తల్లి, నల్లటి ఆవు, ఒక చెవి చిరిగి ఉండేది. ఆ ఏడే తన తొలి దూడ పోయింది. తల్లి గొంతు ఇప్పుడు పిలిచినట్టే వినిపించింది.

'ఆకలిగొన్నవాడి విస్తరి లాగేస్తే, వాడు మన విస్తరిలో చెయ్యి పెడతాడే. కళ్లంలో రాలుమొలకలు వాళ్ల భోజనాల బంతి. మన మొక్క నాలుగాకులు వేసేదాకా ఆ బంతి కదపకూడదు. నాలుగాకులు వేశాక మొక్క ఒళ్లు ముదురుతుంది, నాలుగు చిల్లులు పడ్డా లెక్కచెయ్యదు. అప్పుడు దున్నుకో, పురుగుతో సహా మట్టిలో కలిసిపోతుంది. గుర్తుంచుకుంటావా?'

'ముడి వేయించుకుంటానమ్మా' అంది తను.

పుల్లావు గట్టు మీద కూలబడింది. గుర్తొచ్చింది. కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, బంతి దున్నేశాక గుర్తొచ్చి ఏం లాభం?

లేచి ఇంటిదారి పట్టబోతుంటే, చేని పక్క, నీళ్లు వదిలే బోదెలో గడ్డి నలిగి కనబడింది. ఎవరో చాలాసేపు పడుకుని లేచిన గుంట. పుల్లావు వంగి వాసన చూసింది. నక్క కంపు. గుంటలో పాత కోడి ఈక ఒకటి. గుట్ట నెత్తిన ఉంటానన్నవాడి పడక ఇక్కడ ఎందుకుంది? కళ్లం దున్నమని పుంజుని ఎగదోసిందెవరు? పురుగు బయటికొస్తే కోళ్లు కూడా బయటికొస్తాయని లెక్క వేసిందెవరు?

"నాలుగో ముడి," అనుకుంటూ నడిచింది. "విస్తరి, నాలుగాకులు, బోదెలో నక్క. విస్తరి, నాలుగాకులు, బోదెలో నక్క." దారిపొడుగునా అదే. ఒక తుమ్మెద పలకరించినా బదులివ్వలేదు, మాట తడబడితే మాయమైపోతుందని భయం.

మైల ఎద్దు గానుగ పక్కన నిలబడి ఉంది. పుల్లావు ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేసింది. చెప్పి, కొమ్ములు నేలకి ఆనించింది. "గుర్తొచ్చింది తమ్ముడూ. ఒక్కరోజు ముందు గుర్తొస్తే ఎంత బాగుండేది! బంతి లేచిపోయింది."

ఎద్దు కాసేపు తోక ఊపింది. దానికి మాట లోపలినుంచి రావడానికి ఎప్పుడూ కొంచెం టైము పడుతుంది.

"లేచిపోలేదక్కా."

"ఆ?"

"ఉత్తరం పక్క, కంపని ఆనుకుని, ఎనిమిది సాళ్ల మేర వదిలేశాను. పుంజు కోళ్లగూటి వైపు నుంచి చూసింది, దానికి కనబడలేదు."

"ఎందుకు వదిలావు? నాకే కారణం తెలియలేదు కదా!"

"ఇప్పుడు నీకు మతిమరుపు. ముడి వేయించినప్పుడు మతి బాగానే ఉందిగా అక్కా," అంది మైల ఎద్దు. "ఊరికే వేయించి ఉండవు."

పుల్లావు ఎద్దు మెడ ఒకసారి నాకింది.

సాయంత్రం వెలుగుండగానే చుక్కల పెట్టనీ చెంద్రినీ కొట్టం వెనక్కి పిలిచింది. మైల ఎద్దు అడ్డంగా నిలబడింది, కంప అవతలి చెవులకి వినబడకుండా.

"నేను మరిచిపోతాను," అంది పుల్లావు. "అందుకే ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క ఇస్తాను. ఎవరి ముక్క వాళ్లు నాకు తిరిగి అప్పజెప్పండి. తమ్ముడూ, నీది నీళ్లు."

"తెల్లవారుజామున పుంజు కూయగానే వాగు కాలవకి మడవ తీస్తాను. నీళ్లు బోదెల్లో పారాలి, మొలకలు మునక్కూడదు. తడి తగిలితే మొక్క బిరబిరా లేస్తుంది, పురుక్కి తడి గిట్టదు."

"చెంద్రీ, నీది?"

"బూడిద. కొట్టంలో దోమలకి పొగబెట్టిన పిడకల బూడిద గంపకెత్తాలి. మంచు ఆరకముందు మొలకల మీద చల్లాలి, ఆకుకి అంటుకునేలా. అంటుకుంటే పురుగు కొరకదు."

"పరుగు?"

"పరిగెత్తకూడదు."

"అదీ. చుక్కమ్మా?"

"పెట్టలు చేలోకి రావు. కంప లోపలే, కళ్లంలో మిగిలిన ఎనిమిది సాళ్ల చుట్టూ నక్కి కూర్చుంటాం," అని చుక్కల పెట్ట ఆగింది. "కానీ పెద్దమ్మా, మా ఆయన మాటిచ్చాడు. మాట తప్పడం అంటే ప్రాణం పోయినట్టు ఆయనకి."

అప్పుడే పుంజు వచ్చింది. ఎంతసేపటినుంచి వింటోందో, ముక్కు కిందికి దించుకునే ఉంది. బోదెలో ఈక సంగతి చెప్పేసరికి తురాయి వాలిపోయింది. అయినా అంది: "పదిమందిలో అన్నాను. పెట్టలన్నీ పురుగుల మీదికి పోతాయని."

"నిలబెట్టుకో నాయనా," అంది పుల్లావు. "పెట్టలన్నీ పురుగుల మీదికే పోతాయి. ఏ చోటి పురుగులని నక్క అడగలేదు కదా!"

పుంజు ముక్కు మెల్లగా పైకి లేచింది.

"నువ్వు మాత్రం కంప లోపల నిలబడి కూత పెట్టు. ఎప్పటికన్నా గట్టిగా."

"అది నాకు వేరే చెప్పాలా?" అంది పుంజు, పోయిన పెత్తనంలో సగం తిరిగొచ్చినట్టు.

తూర్పున బూడిదరంగు తేలేవేళకి పుల్లావు లేచి నిలబడింది.  ఏదో చెయ్యాలి. ఏదో ఉంది. నాలుగో ముడి తడిమింది. విస్తరి ఉంది, నాలుగాకులు ఉన్నాయి, నక్క ఉంది, నీళ్లు ఉన్నాయి. ఇంకొకటి? గొంతుదాకా వచ్చి జారిపోయింది.

"అమ్మమ్మా," అని చెంద్రి పిలిచింది. మెడలో గంప వేలాడుతోంది. "బూడిద."

"అదేనే తల్లీ!"

ఇద్దరూ మెడకో గంప తగిలించుకుని చప్పుడు లేకుండా చేను చేరారు. గుట్ట నెత్తిన ఎవరూ లేరు, ఏ కూతా లేదు. పక్క బోదెలో మాత్రం గడ్డి కొంచెం కదిలింది. పుల్లావు చూసీ చూడనట్టు చెంద్రికి కన్నుగీటింది. ఇద్దరూ కళ్లం వైపు సాళ్ల నుంచి మొదలెట్టి, గంపలు ఊపుకుంటూ, బూడిద రాల్చుకుంటూ వచ్చారు. బూడిద పడ్డ ఆకు మీద నుంచి పురుగులు లేచాయి. బోదె దగ్గరికి వచ్చేసరికి చెంద్రి గంపకి ఏమైందో ఏమో, అడుగునున్న బూడిదంతా ఒక్కసారి బోర్లాపడింది.

"హచ్!" అంది బోదె.

"అమ్మమ్మా, బోదెకి జలుబు చేసినట్టుంది!"

"చలికాలం కదే," అంది పుల్లావు.

అంతలో కంప లోపల్నుంచి డేగ పుంజు కూసింది. ఆ కూత విని వాగు అవతల పడుకున్న వాళ్లు కూడా లేచారంటారు. బోదెలో రెండు చెవులు నిలబడ్డాయి. కోళ్లు వచ్చేస్తున్నాయని నోట్లో నీళ్లూరాయి. అవి మింగకముందే బోదెలో కూడా నీళ్లు వచ్చేశాయి. మైల ఎద్దు మడవ తీసింది. చల్లటి వాగు నీళ్లు గలగలమని వచ్చి, పడుకున్న నక్కని పొట్టకింద నుంచి ఎత్తి, బూడిదతో కలిపి పిసికాయి.

నక్క లేవబోయింది. కాళ్లు బురదలో దిగబడ్డాయి. తోక గట్టు మీదే ఉండిపోయింది. దాని మీద చెంద్రి కాలు పెట్టింది.

"నక్కతోక తొక్కితే అదృష్టమంటారు అమ్మమ్మా, నిజమేనా?"

"గట్టిగా తొక్కవే, కవలలు పుడతారేమో చూద్దాం!"

"అత్తా, నన్ను చంపకు! కాపలాకి వచ్చాను!" అని నక్క మొత్తుకుంది.

"గుట్ట నెత్తిన కదా నాయనా నీ కాపలా? తోక మీద ఆన పెట్టావు, తోకే సాక్ష్యం చెబుతోంది," అంది పుల్లావు. చెంద్రి కాలు తీసింది. ఒళ్లంతా బూడిద, బొచ్చునిండా బురద, ముక్కు మీద గెంతుతున్న నల్ల పురుగులు. నక్క ఒక్క పరుగున గుట్ట ఎక్కింది. దారిపొడుగునా తుమ్ములే. ఎర్రగుట్ట మీద నక్కల సభలో దాన్ని చూసి ఎవరో దయ్యమనుకుని పారిపోయారట.

ఇటు ఎండ పడింది. చేను తడితడిగా, బూడిదబూడిదగా ఉంది. పురుగుల పెద్ద ఒక ఆకు కొరికింది, ఉమ్మింది. ఇంకో ఆకు కొరికింది, మళ్లీ ఉమ్మింది. "ఏం వంటరా ఇది, నోరంతా గరగర! పదండ్రా, ఉత్తరం పక్క మన పాత ఇల్లు కాస్త మిగిలే ఉంది," అంది. చిటపటమంటూ దండంతా కంప సందుల్లోంచి కళ్లంలోకి గెంతింది. ఎనిమిది సాళ్ల మీదే అన్నీ గుమిగూడాయి. పెద్ద చేనంతా వెతుక్కుంటూ ఏరాల్సిన పురుగు ఇప్పుడు ఒక్క విస్తట్లో వడ్డించినట్టుంది.

"వడ్డన అయింది," అంది చుక్కల పెట్ట. పదకొండు పెట్టలూ లేచాయి. పుంజు ముందు నడిచింది, మాటిచ్చినట్టే.

మిగిలిన పురుగులు అక్కడే తింటూ ఉండిపోయాయి, చేనివైపు చూడలేదు. రోజూ పొద్దున పెట్టలు వెళ్లి పలకరించి వచ్చేవి. పుల్లావు మాత్రం రోజూ చేనికి వెళ్లి మొలకల ఆకులు లెక్కపెట్టేది. మూడు. మూడు. మళ్లీ మూడు. కాలు నిలిచేది కాదు. కళ్లం వైపు సాళ్లలో ఈనెలు మిగిలినవి పోయాయి. అవి తిరిగి లేవలేదు. మిగతా చేను లేచింది. ఒకనాడు చెంద్రి వచ్చి, "అమ్మమ్మా, నాలుగు!" అంది. తను వెళ్లి స్వయంగా లెక్కపెట్టుకుంది. నాలుగే.

ఆ మధ్యాహ్నం మైల ఎద్దు కళ్లంలో మిగిలిన ఎనిమిది సాళ్లూ దున్నేసింది. ఈసారి పుంజు దగ్గరుండి చూసింది.

పుష్యంలో చేను పసుపు పచ్చగా పూసింది. పూత చూడడానికి అందరూ గట్టు మీద చేరిన రోజున పుంజు పుల్లావు పక్కకి వచ్చి నిలబడింది. చాలాసేపు గొంతు సవరించుకుంది. దాని కూత కన్నా ఆ మాట బరువుగా ఉన్నట్టుంది.

"పెద్దమ్మా, ఆ నాలుగో ముడి నాకివ్వు. నేను మోస్తాను."

"నీకు మెడ ఎక్కడుంది నాయనా ముడికి?"

"కాలుంది. కాలికి కట్టించు. ఎందుకు, ఎన్నాళ్లు, అన్నీ చెప్పి కట్టించు. రోజూ కూసేముందు ఒకసారి అనుకుంటాను."

పుల్లావు గిజిగాణ్ని పిలిచింది. ఆ రోజు గిజిగాడికి తోకవెంట్రుకలు చాలినన్ని దొరికాయి. నాలుగోది పుంజు కాలికి కట్టింది. రెండోది మైల ఎద్దు అడిగింది, వాగు నుంచి ఇసుక మోసేది తనే కాబట్టి. మూడోది పెట్టలు తీసుకున్నాయి. అయిదూ ఆరూ చెంద్రి మెడకి. ముడి వేసే ప్రతిసారీ పుల్లావు 'ఎందుకు' అని అడిగేది, వాళ్లు గట్టిగా చెప్పేదాకా గిజిగాణ్ని కొస బిగించనిచ్చేది కాదు. ఇచ్చిన ముడినల్లా గిజిగాడు పాత పలుపు మీద విప్పేశాడు, చివరికి దాని మీద ఒకటో ముడి ఒక్కటే మిగిలింది.

చైత్రంలో చెంద్రి ఈనింది. కవలలు కాదు, ఒక్కతే దూడ, కానీ నిలబడగానే పొదుగు వెతుక్కుంది, పొదుగులో పాలున్నాయి. చెంద్రి ముందు ఆవచెక్క నానబెట్టిన కుండ ఉంది.

ఆ సాయంత్రం పుల్లావు మెడ వంచి, మిగిలిన ఒక్క ముడినీ తడిమింది. "ఒకటి..." అంది. ఆగింది. గొంతుదాకా వచ్చి జారిపోయింది.

"ఒకటోది దేనికే చెంద్రీ?"

"గింజ కోడిగోరు దిగేంత లోతు మించకూడదు," అని చెంద్రి ఒక్కతే కాదు, కొట్టం అంతా ఒక్కసారే అంది. మైల ఎద్దు కాస్త ఆలస్యంగా అంది.

పుల్లావు మొదటిసారి, ముడి మళ్లీ తడుముకోకుండా, కాళ్లు ముడుచుకుని పడుకుంది.

అర్థం తెలియని ముడిని కొయ్యకు, ఆగి అడుగు. అర్థం తెలిసిన ముడిని ఒక్కడివే మొయ్యకు, పంచిపెట్టు.